ఎల్‌సీ లేని గది

వానాకాలం వచ్చిందంటే జిల్లా పేజీలో ఒక వార్త తప్పదు. లైన్‌మన్ స్తంభమెక్కాడు, కింద సబ్‌స్టేషన్‌లో ఎవరో ఫీడరు ఆన్ చేశారు. లేదంటే ఒక ఫీడరుకు ఎల్‌సీ తీసుకుని పక్క ఫీడరు తీగ ముట్టుకున్నాడు. చదివీ చదివీ తెలుగువాళ్లకు ‘ఎల్‌సీ’ ఇంట్లో మాటైపోయింది. లైన్ క్లియర్ అంటే, ఎక్కినవాడు దిగొచ్చి సంతకం పెట్టేదాకా కరెంటు ఇవ్వకూడదని పుస్తకంలో రాసుకునే ఒప్పందం. దాన్ని పాటిస్తున్నారా లేదా అన్నది వేరే గొడవ. అలాంటిదొకటి ఉందని మాత్రం రైతుకూ తెలుసు, రిక్షా తొక్కేవాడికీ తెలుసు.

టీవీ టవర్ కింద ఉండే గదికీ అలాంటి పుస్తకం ఒకటి కావాలని ఎందరికి తెలుసు?

టవర్ అనగానే కళ్లముందు కదిలేది ఆ ఎత్తయిన ఇనుప కట్టడం. అసలు పని జరిగేది కింద గదిలో. స్టూడియో నుంచో ఉపగ్రహం నుంచో వచ్చిన కార్యక్రమాన్ని ఎక్సైటర్ అనే చిన్న పెట్టె ప్రసారానికి తగ్గట్టు తయారు చేస్తుంది. దాని నుంచి బయటికొచ్చే శక్తి కొద్ది వాట్లే. దాన్ని వందలు, వేల వాట్లకు పెంచి ఫీడరు కేబుల్ గుండా పైనున్న యాంటెన్నాకు తోసేది పవర్ యాంప్లిఫైయర్. పెళ్లిపందిట్లో మైకుసెట్టు కుర్రాడు తిప్పే యాంప్లిఫైయర్‌కు ఇది పెద్దన్న. అక్కడ వైరు తగిలితే చురుక్కుమంటుంది. ఇక్కడ తలుపు తీసి పొరపాటు చేస్తే ఇంటికి కబురు వెళ్తుంది.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1984లోనైతే దేశంలో కొన్ని నెలలపాటు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. వాటిలో చాలావరకు 100 వాట్ల చిన్నవే. జనం వాటిని ‘రిలే స్టేషన్’ అనేవారు. పెద్ద ఊళ్లకు 10 కిలోవాట్ల హై పవర్ ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. విజయవాడ చుట్టుపక్కల ఇళ్లకు రామాయణం సీరియల్ చేరింది బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి మీది టవర్ నుంచే. ఆ తరం యంత్రాలకు గుండెకాయ టెట్రోడ్ అనే వాల్వు. పింగాణీ, లోహం అతికించి చేసిన ముంతలా ఉంటుంది. ఇంట్లో మనం భయపడేది 230 వోల్టులకు; ఈ ముంతకు పెట్టే నైవేద్యం కొన్ని వేల వోల్టులు.

మెయిన్ స్విచ్ దింపేస్తే ప్రమాదం తీరిపోతుందని బయటివాళ్లు అనుకుంటారు. తీరదు. అంత వోల్టేజీని నిలకడగా ఉంచడానికి పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా వాటి కడుపులో కొంత మిగిలే ఉంటుంది. ఉదాహరణకు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 6,000 వోల్టుల దగ్గర 180 జూళ్ల శక్తిని దాచుకుంటుంది. గుండె లయ తప్పినవాళ్లకు ఆసుపత్రిలో ఛాతీ మీద పెట్టి ఇచ్చే షాకు కూడా ఇంచుమించు అంతే, 150 నుంచి 200 జూళ్లు. అక్కడ అది ప్రాణం నిలబెడుతుంది. ఇక్కడ సరిగా కొట్టుకుంటున్న గుండెను ఆపేస్తుంది.

అందుకే పాతకాలపు ఇంజినీర్లు ఆ తలుపు తీసే తీరు చూడముచ్చటగా ఉండేది, పూజకు కూర్చున్నట్టు. ముందు ఉంగరం, వాచీ తీసి బల్ల మీద పెట్టేవారు. చొక్కా జేబులో పెన్ను కూడా ఉంచుకునేవారు కాదు. వంగినప్పుడు జారి లోపల పడితే దాన్ని అందుకోవడానికి చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. తర్వాత హెచ్‌టీ, అంటే ఆ వేల వోల్టుల సరఫరా, ఆఫ్. ఆ తర్వాత ఫిలమెంటు ఆఫ్. బ్లోయర్ మాత్రం ఇంకొన్ని నిమిషాలు తిరుగుతూ ఉండాలి, వాల్వు కాలే పెనంలా ఉంటుంది కనక. అప్పుడు మెయిన్ ఐసొలేటర్ దించి, తాళం వేసి, తాళంచెవి సొంత జేబులో వేసుకోవాలి. అసిస్టెంటు జేబులో కాదు, గోడ మేకుకు అసలే కాదు. తలుపు తెరవగానే కరెంటు తెంపేసే ఇంటర్‌లాక్ తన పని తాను చేస్తుంది. అది చేసినా సరే, పొడుగాటి ఇన్సులేటెడ్ కర్రకు రాగి కొక్కెం బిగించిన ఎర్త్ రాడ్ తీసుకుని ఒక్కొక్క కెపాసిటర్ కొసనూ ముట్టించాలి. ఏదైనా మిగిలి ఉంటే ‘టప్’మని నీలిరవ్వ లేస్తుంది. ఆ చప్పుడు విన్న కుర్ర ఇంజినీరుకు తర్వాత ఏ పాఠమూ అక్కర్లేదు.

ముట్టించి తీసేస్తే సరిపోదు. కొక్కెం అక్కడే వేలాడుతూ ఉండాలి. పెద్ద కెపాసిటర్లకు ఒక దుర్గుణం ఉంది: ఖాళీ చేసి వదిలేసినా లోపలి పదార్థంలో ఇంకిపోయి ఉన్న ఛార్జి నెమ్మదిగా ఊరి మళ్లీ కొసల దగ్గరికి చేరుతుంది. ఎండిందనుకున్న బావిలో తెల్లారేసరికి అడుగు లోతు నీళ్లు ఊరినట్టు. టీ తాగొచ్చి మళ్లీ పని మొదలుపెట్టేవాళ్లను పట్టుకునేది ఇదే.

ఇదంతా ఒక మనిషి చేస్తుంటే రెండో మనిషి పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. ఆ రెండో మనిషికి పనేమీ ఉండదు. ఉండకూడదు కూడా. ఏదైనా జరిగితే కరెంటు తీయడం, పడ్డవాణ్ని కర్రతో లాగడం, ఛాతీ నొక్కడం, ఫోను చేయడం – ఇవే అతని డ్యూటీ. కార్యాలయాల లెక్కల్లో మాత్రం అతను ‘అదనపు సిబ్బంది’. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట కోత పడేది అతనికే. ఈ వ్యాసం తగవంతా అక్కడే.

ఇప్పుడు వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. అరచేతిలో పట్టే ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్లు, వాటికి ఇచ్చేది 50 వోల్టులు. ప్రసారం నడుస్తుండగానే ఒక మాడ్యూల్‌ని సొరుగు లాగినట్టు లాగి ఇంకొకటి దూర్చొచ్చు. దీంతో ‘50 వోల్టులే కదా’ అన్న ధీమా పుట్టింది. ఆ ధీమాకు జవాబు ఏ బ్యాటరీల కొట్లోనైనా దొరుకుతుంది. కారు బ్యాటరీ 12 వోల్టులే; దాని రెండు కొసల మీద పానా పడితే ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. కొరికేది వోల్టేజీ ఒక్కటే కాదు. 10 కిలోవాట్లు ప్రసారం చేసే యంత్రం సామర్థ్యం 30 శాతం అనుకుంటే, అది మింగేది 33 కిలోవాట్లు. 50 వోల్టుల దగ్గర అంటే 600 ఆంపియర్లు దాటినట్టే. అన్ని ఆంపియర్ల దారిలో చేతి ఉంగరం అడ్డుపడితే వేలికేమవుతుందో చెప్పనక్కర్లేదు. పైగా ఆ 50 వోల్టులు ఆకాశం నుంచి ఊడిపడవు. వెనక 415 వోల్టుల త్రీఫేజ్ ఉంటుంది, దాన్ని మార్చే పవర్ సప్లైలలో మళ్లీ కెపాసిటర్లు ఉంటాయి.

బయటికొచ్చే వైపు సంగతి ఇంకోటి. 50 ఓమ్‌ల కేబుల్‌లో 10 కిలోవాట్లు పోతుంటే అక్కడ 707 వోల్టులు, 14 ఆంపియర్లు ఉంటాయి. ఇది ఇంటి కరెంటులాంటిది కాదు, సెకనుకు కోట్లసార్లు దిశ మార్చుకునే ఆర్‌ఎఫ్. గుంజి కొట్టదు, కాలుస్తుంది. చర్మం మీద చిన్న తెల్లమచ్చ కనిపిస్తుంది, లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. మానడానికి వారాలు పడుతుంది. సోల్డరింగ్ ఐరన్ చురక అనుకుని బర్నాల్ రాసుకుని మర్నాడు డ్యూటీకి వెళ్లేవాళ్లు అసలు దెబ్బ చూసుకోనట్టే.

కొత్త యాంప్లిఫైయర్ వచ్చిన రోజు హడావుడి మరో రకం. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారవుతుంది, యంత్రం తర్వాత వస్తుంది. తొందరలో మొట్టమొదట పక్కకు పోయేది డమ్మీ లోడ్. అదేదో అలంకారం అనుకుంటారు. యాంటెన్నాకు కలపకముందు యంత్రం ఇచ్చే శక్తినంతా మింగి వేడిగా మార్చేసే నకిలీ యాంటెన్నా అది. ముందు దాని మీద, తక్కువ పవర్‌తో నడిపి, అన్నీ చూసుకుని, ఆ తర్వాతే అసలు యాంటెన్నాకు మార్చాలి. ఎందుకంటే పైన యాంటెన్నాలోనో కేబుల్ జాయింటులోనో తేడా ఉంటే పంపిన శక్తి వెనక్కి తన్నుతుంది. లాకులు మూసేసిన కాలువలోకి నీళ్లు వదిలితే గట్టు తెగినట్టే. ఈ తిరుగుటపాను ఇంజినీర్లు వీఎస్‌డబ్ల్యూఆర్ అనే అంకెతో కొలుస్తారు. అది 1.5 అయితే 4 శాతం శక్తి వెనక్కొస్తుంది, 3 అయితే 25 శాతం. జాయింటు ఊడిపోతే మొత్తానికి మొత్తం. యంత్రం తనంతట తాను ఆగిపోయే రక్షణ ఉంటుంది నిజమే. ‘ఊరికే ట్రిప్ అవుతోంది’ అంటూ ఆ హద్దును పెంచి పెట్టే చేతులూ ఉంటాయి. తలుపు ఇంటర్‌లాక్‌లో పుల్ల ఇరికించి నడిపించే చేతులూ అవే. దాన్ని చాకచక్యం అనడం మానేసి, నేరం అనాలి.

మన ఎండల లెక్క కూడా యంత్రం కాగితాల్లో ఉండదు. 5 కిలోవాట్లు ప్రసారం చేసే యంత్రం 25 శాతం సామర్థ్యంతో నడిస్తే మిగిలిన 15 కిలోవాట్లూ వేడే. అంటే 2 కిలోవాట్ల గీజర్లు ఏడింటికి పైగా ఒకే గదిలో పగలూ రాత్రీ కాగుతున్నట్టు. బయట రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలుంటే ఆ గది సంగతి ఊహించుకోవచ్చు. బ్లోయర్ ఫిల్టర్‌కు బొగ్గు దుమ్ము, పత్తి నూగు పట్టి ఊపిరాడకపోతే యంత్రం ఆగడం ఒక్కటే కాదు, మంట కూడా పుట్టొచ్చు. ఫిల్టర్ దులపడం ఇంజినీరింగ్ కాదన్న చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

ఎర్తింగ్ సంగతి సరేసరి. టవర్లు కట్టేది కొండల మీద, కొండల్లో ఉండేది రాయి. రాతిలో ఎర్త్ పిట్ తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీళ్లు పోసి, రీడింగు ఒక ఓమ్ లోపు ఉంచడం ఓపికతో కూడిన పని. టెండరులో వాట్లకు డబ్బు కనిపిస్తుంది. భూమిలో పాతిపెట్టిన రాగిపట్టీ ఎవరికీ కనిపించదు, రిబ్బన్ కట్ చేయడానికీ పనికిరాదు.

గదిలోనే కాదు, పైకి ఎక్కినవాడికీ ఎల్‌సీ కావాలి. కాలనీలో సెల్ టవర్ వస్తుందంటే ధర్నాలు చేసే జనం, నడుస్తున్న ప్రసార యాంటెన్నా పక్కన వేలాడుతూ రంగు వేసే కుర్రవాడి గురించి ఎన్నడూ అడగరు. భయం తప్పు చోట ఉందని ఇక్కడ చెప్పక తప్పదు. టీవీ, ఎఫ్ఎం వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలకు 1998లో ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం పెట్టిన హద్దు సాధారణ ప్రజలకు చదరపు మీటరుకు 2 వాట్లు, ఆ పని చేసేవాళ్లకు 10 వాట్లు. టవర్ కింద ఇళ్లలో ఉండేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తరంగం పలచబడిపోతుంది. యాంటెన్నా పలకలకు మూరెడు దూరంలో ఉన్నవాడి కథ వేరు. నిలబడ్డ మనిషి శరీరం అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునేది 70 నుంచి 100 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లోని తరంగాలనే. ఎఫ్ఎం బ్యాండు 88 నుంచి 108. కింద పవర్ తగ్గించకుండా, తాళం వేయకుండా మనిషిని పైకి పంపడమంటే ఫీడరు ఆన్‌లో ఉంచి లైన్‌మన్‌ను స్తంభమెక్కించడమే.

ఇవన్నీ వెనకబడ్డ దేశాల తిప్పలనుకుంటే పొరపాటు. 1982 డిసెంబరు 7న అమెరికాలోని టెక్సాస్‌లో, హ్యూస్టన్ శివార్లలోని మిస్సోరి సిటీ దగ్గర, ఒక టీవీ టవర్ పైకి 6 టన్నుల ఎఫ్ఎం యాంటెన్నాను ఎత్తుతున్నారు. యాంటెన్నాకు పక్కనున్న బుట్టల్లాంటి భాగాలు తాడుకు అడ్డొచ్చాయి. వాటిని విప్పుతామని రిగ్గర్లు అడిగితే తయారీదారు ఒప్పుకోలేదు. అప్పుడు రిగ్గర్లే ఒక ఇనుప చేయి అమర్చుకున్నారు. దాన్ని ఒకసారి చూసి చెప్పమని ఇంజినీర్లను అడిగారు. చూస్తే బాధ్యత తమ మీద పడుతుందని ఇంజినీర్లు చూడలేదు. ఆ చేయి పొడుగు వల్ల బోల్టుల మీద పడే భారం ఎన్నో రెట్లు పెరుగుతుందన్న లెక్క రిగ్గర్లకు తట్టలేదు. బోల్టులు తెగి యాంటెన్నా టవర్‌ను పట్టి నిలిపే గై తీగను కొట్టింది, టవర్ మొత్తం కూలింది, ఐదుగురు చనిపోయారు. అమెరికా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది ఇప్పటికీ నీతిపాఠం. అక్కడ తప్పు బోల్టుది అంటే ఎవరూ ఒప్పుకోరు. అడిగినప్పుడు చూడనివాళ్లది.

మాస్కోలో 540 మీటర్ల ఓస్టాంకినో టవర్ 2000 ఆగస్టు 27న అంటుకుంది. మంట పుట్టింది దాదాపు 460 మీటర్ల ఎత్తున. మంట పైకి పాకుతుందని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. అక్కడ కిందికి దిగింది. ఫీడరు కేబుళ్ల ప్లాస్టిక్ తొడుగు కరిగి నిప్పుబొట్లుగా కారుతూ అంతస్తు తర్వాత అంతస్తును అంటించింది. ముగ్గురు ప్రాణాలు పోయాయి, మాస్కో ఇళ్లలో టీవీలు మూగబోయాయి. ఏళ్ల తరబడి ఉన్న టవర్ మీదే కొత్తకొత్త యంత్రాలు, కేబుళ్లు ఎక్కించుకుంటూ పోవడం మన ఊళ్లలోనూ చూస్తున్నదే.

మన దగ్గర ఇప్పుడు ఒక వింత దశ నడుస్తోంది. దూరదర్శన్ అనలాగ్ ప్రసారాల కాలం అయిపోయింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని 50 తప్ప మిగతా ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 మార్చి 31 నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ఇంకోవైపు ఆకాశవాణి ఎఫ్ఎం విస్తరిస్తోంది. 2023 ఏప్రిల్ 28న ఒక్కరోజే దేశంలో 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి, ఒక్కొక్కటి 100 వాట్లు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోలాంటి సాముదాయిక కేంద్రాల్లోనూ చిన్నదైనా ఒక పవర్ యాంప్లిఫైయర్ ఉంటుంది. మంచి సంగతే. కానీ చిన్న కేంద్రం అంటే రోజంతా ఇంజినీరు కూర్చోడు, దూరం నుంచే కంప్యూటర్‌లో చూసుకుంటారు. ఆగిపోతే ఒక మనిషి బండేసుకుని వస్తాడు. ఒక్కడే వస్తాడు. సాయంత్రం పూట, వాన పడుతుండగా, పైవాళ్లు ‘ఎంతసేపు’ అని ఫోన్లు చేస్తుండగా ఒంటరిగా ఆ తలుపు తీస్తాడు. 100 వాట్ల యంత్రంలోనూ మెయిన్ కరెంటు 230 వోల్టులే, అందులో చిన్నదీ పెద్దదీ లేదు.

ఆగిపోయిన పాత యంత్రాల మాటా ఒకటుంది. కొన్ని పెద్ద వాల్వుల్లో, ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్లలో పింగాణీలా తెల్లగా కనిపించేది బెరీలియం ఆక్సైడ్. పగలనంతకాలం ఏమీ చేయదు. సుత్తితో కొడితే లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరి నయం కాని జబ్బు తెస్తుంది. పాతతరం నూనె కెపాసిటర్లలో పీసీబీ అనే విషం ఉండే అవకాశం ఉంది. కాటాకు వేసి కిలోల లెక్కన అమ్మితే, రాగి కోసం, వెండిపూత కోసం వాటిని పగలగొట్టేది ఎవరో చెప్పనక్కర్లేదు. వేలంలో కొన్న పాతసామాన్ల వ్యాపారికి ఏ భాగం పగలగొట్టకూడదో తెలుగులో రాసిచ్చిన కాగితం ఒక్కటైనా చేతికి అందాలి.

ఈ రంగంలో అనుభవం ఉన్న తరం రిటైరైపోతోంది. ఉంగరం తీసి బల్ల మీద పెట్టే అలవాటు మాన్యువల్‌లో ఒక వాక్యంగా ఉంటుంది, అదీ ఇంగ్లీషులో, తొంభయ్యో పేజీలో. కాంట్రాక్టు మీద వచ్చే ఐటీఐ కుర్రవాడికి చేరాల్సింది ఆ పేజీ కాదు, ఆ పెద్దాయన చెయ్యి. రిటైరైన ఇంజినీర్లను ఏడాదికి రెండుసార్లు పిలిచి, కరెంటు తీసిన యంత్రం ముందు కుర్రవాళ్లను నిలబెట్టి చూపించమని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ప్రసార భారతికైనా, ప్రైవేటు ఎఫ్ఎంలకైనా, సాముదాయిక రేడియోలకైనా అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ఇకముందు టెండరులో డమ్మీ లోడ్, ఎర్తింగ్ విడివిడి పద్దులుగా రాయండి, బేరంలో కొట్టేయకుండా. యంత్రం వెనక తలుపు తెరిచే పనికి ఇద్దరిని పంపండి, రెండో మనిషి భత్యానికి ఆడిట్ అభ్యంతరం రాకుండా లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఎర్త్ రాడ్ తలుపు పక్కనే వేలాడాలి, స్టోరులో కాదు. సబ్‌స్టేషన్‌లో ఉన్నట్టే ఒక ఎల్‌సీ పుస్తకం, దానికి దారంతో కట్టిన ఒక పెన్ను ఆ గదిలో పెట్టండి. టవర్ ఎక్కేవాడూ తలుపు తీసేవాడూ అందులో తెలుగులో సంతకం చేసి వెళ్లాలి, దిగొచ్చాక మళ్లీ చేయాలి. వచ్చే వానాకాలానికి ఇంకా టైముంది.